మసి మేఘం కింద: రామనాథన్ పరిశోధన తేల్చినవీ, తేల్చాల్సినవీ

గాలి కాలుష్యం మీద పత్రికల్లో, టీవీల్లో సాగే చర్చ చాలావరకు పీఎం 2.5 అనే ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. ఘనపు మీటరు గాలిలో రెండున్నర మైక్రాన్లకు మించని కణాలు ఎన్ని మైక్రోగ్రాములు ఉన్నాయన్నదే ఆ అంకె చెప్పే సంగతి. ఊపిరితిత్తులకు పొంచి ఉన్న ముప్పును అంచనా వేయడానికి అది పనికొచ్చే కొలతే. కానీ ఆ బరువులో మసి ఎంత, సల్ఫేట్ ఎంత, దుమ్ము ఎంత, కట్టెల పొగ నుంచి పుట్టిన సేంద్రియ పదార్థం ఎంత అన్నది అందులో కనబడదు. శీతోష్ణస్థితి విషయానికొస్తే అసలు తేడా అక్కడే ఉంది. ఒకే బరువున్న రెండు కణాల్లో ఒకటి ఎండను వెనక్కి తిప్పికొట్టి భూమిని చల్లబరిస్తే, రెండోది అదే ఎండను మింగి తన చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. ఈ తేడాను దక్షిణాసియా ఆకాశంలో నేరుగా కొలిచి, రుతుపవనాలతోనూ పంటలతోనూ వంటపొయ్యితోనూ ముడిపెట్టి చూపిన శాస్త్రవేత్తల్లో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు వీరభద్రన్ రామనాథన్‌ది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌డియాగోలోని స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థ ఆయన పరిశోధనకు కేంద్రం.

1944లో తమిళనాడులో పుట్టిన రామనాథన్ అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, తొలి ఉద్యోగం సికింద్రాబాద్‌లోని ఒక శీతలీకరణ పరిశ్రమలో చేశారు. యంత్రాల నుంచి ఫ్రియాన్ వాయువు ఎందుకు కారిపోతోందో కనిపెట్టి, దాన్ని ఆపే మార్గం చూడటం అక్కడ ఆయనకు అప్పగించిన పని. ఆ తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ, న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనూ చదివి 1974లో డాక్టరేట్ పొందేనాటికి ఆయన అధ్యయన విషయం గ్రహాల వాతావరణం. అదే ఏడాది మోలినా, రోలాండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని హెచ్చరించారు. ఈ వాయువుల్లో ఒకటి ఫ్రియాన్. సికింద్రాబాద్ రోజుల నుంచీ ఆ వాయువు సంగతి తెలిసిన రామనాథన్ మరో ప్రశ్న వేసుకున్నారు: అది భూమి నుంచి బయటకు పోయే వేడిని ఎంతమేర పట్టి ఉంచుతుంది? 1975లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం దీనికి జవాబు చెప్పింది. ఒక్కో అణువు లెక్కన చూస్తే, ఈ వాయువులకు వేడిని పట్టి ఉంచే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు పది వేల రెట్లు ఎక్కువ. భూతాపానికి కారణం కార్బన్ డయాక్సైడ్ ఒక్కటేనన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలంలో, పరిమాణంలో లెక్కకు రానంత తక్కువగా ఉన్న పదార్థం కూడా శీతోష్ణస్థితిని కదిలించగలదని ఈ లెక్క రుజువు చేసింది. తర్వాత ఏరోసోల్స్ వైపు ఆయన మళ్లడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.

ఏరోసోల్ అంటే గాలిలో తేలియాడే ఘన కణం, లేదా అతి సన్నని ద్రవ బిందువు. అది పుట్టే దారులు రెండు. పొయ్యి నుంచో, డీజిల్ ఇంజన్ నుంచో, ఇటుక బట్టీ నుంచో కణంగానే వెలువడేది ఒకటి. వాయువుగా బయటపడి గాలిలో రసాయన చర్యల వల్ల కణంగా మారేది రెండోది. బొగ్గు మండినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఈ రెండో రకానికి మంచి ఉదాహరణ. ఎండలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ దానితో చర్య జరిపినా, మేఘంలోని నీటి బిందువులో కరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ చేత ఆక్సీకరణం చెందినా, చివరికి సల్ఫ్యూరిక్ ఆమ్లమే తయారవుతుంది. పొలంలో చల్లిన యూరియా నుంచి, పశువుల పేడ నుంచి వచ్చే అమోనియా ఆ ఆమ్లంతో కలిస్తే అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది. అంటే థర్మల్ కేంద్రం చిమ్నీ, రైతు పొలం ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో గాలిలో కలుసుకుని ఒక కణాన్ని తయారు చేస్తున్నాయన్నమాట. ఈ కణం ఎండను దాదాపుగా మింగదు, చెదరగొడుతుంది. నీటి ఆవిరిని పీల్చి ఉబ్బుతుంది కూడా కాబట్టి, తేమ ఎక్కువగా ఉన్న ఉదయం వేళ దాని ప్రభావం ఇంకా పెరుగుతుంది.

మసి కథ వేరు. సరిగా మండని ఇంధనం నుంచి వెలువడిన క్షణంలో మసి కణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, నానోమీటర్లలో కొలవాల్సినంత చిన్న కర్బన గోళాలు గొలుసులుగా అల్లుకుని కనిపిస్తాయి. ఆ దశలో దానికి నీరంటే పడదు. గాలిలో కొన్ని గంటలు, ఒకటి రెండు రోజులు తిరిగేసరికి సల్ఫేట్, సేంద్రియ ఆవిర్లు దాని మీద పూతలా పేరుకుంటాయి, గొలుసులు ముడుచుకుని ముద్ద అవుతాయి. ఆ పూత కాంతిని లోపలి కర్బనం మీదికి వంచుతుంది కాబట్టి పూత పడిన మసి, తాజా మసి కన్నా ఎక్కువ ఎండను మింగుతుంది. అదే పూత వల్ల కణానికి నీటిని పట్టే గుణం వచ్చి, వానకు కొట్టుకుపోవడమూ తేలికవుతుంది. మొత్తం మీద మసి గాలిలో ఉండేది కొన్ని రోజులు, మహా అయితే ఒకటి రెండు వారాలు. శతాబ్దాల తరబడి నిలిచే కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే ఇదెంత తక్కువో చెప్పనక్కర్లేదు.

ఈ రసాయన శాస్త్రమంతా ప్రయోగశాలల్లో చాలావరకు తెలిసినదే అయినా, నిజమైన ఆకాశంలో, అదీ ఉష్ణమండలంలో, ఈ కణాలన్నీ కలిసి ఏం చేస్తున్నాయో 1990ల వరకు కొలిచినవాళ్లు తక్కువ. ఆ లోటు తీర్చడానికి రామనాథన్, ఓజోన్ పరిశోధనకు 1995లో నోబెల్ అందుకున్న పాల్ క్రుట్‌జెన్ కలిసి నాయకత్వం వహించినదే ఇండోయెక్స్ అని పేరుపడిన హిందూ మహాసముద్ర ప్రయోగం. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలులు దక్షిణాసియా పొగను సముద్రం మీదికి మోసుకుపోతాయి. దక్షిణార్ధ గోళం నుంచి వచ్చే శుభ్రమైన గాలి భూమధ్యరేఖకు దగ్గర్లో దానికి ఎదురవుతుంది. మురికి గాలినీ మంచి గాలినీ పక్కపక్కన పెట్టి కొలిచే అవకాశం ఇంత చక్కగా ప్రపంచంలో మరోచోట దొరకడం కష్టం. 1999 జనవరి నుంచి మార్చి వరకు అమెరికా, ఐరోపా, భారతదేశాలకు చెందిన రెండు వందల మందికి పైగా శాస్త్రవేత్తలు విమానాలు, ఉపగ్రహాలు, మన ‘సాగర్ కన్య’తో సహా పరిశోధన నౌకలు, మాల్దీవుల్లోని కాషీధూ దీవి మీద కట్టిన పరిశీలన కేంద్రం ఉపయోగించి ఆ గాలిని పరీక్షించారు.

సముద్రం మీద మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా ఈ కణాలతో నిండిన మసక పేరుకుని ఉందని తేలింది. కాషీధూలో పట్టిన సన్నని కణాల్లో సల్ఫేట్ సుమారు మూడో వంతు, సేంద్రియ పదార్థం నాలుగో వంతు, మసి 14 శాతం దాకా ఉన్నాయి. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, పెద్ద పరిశ్రమలేవీ లేని దీవి మీద మసి అంత మోతాదులో కనబడటం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. అంతకన్నా ముఖ్యమైన ఫలితాన్ని 2000లో ‘నేచర్’ పత్రికలో ఎస్.కె. సతీష్, రామనాథన్ ప్రచురించారు. మబ్బులేని రోజుల్లో సముద్ర ఉపరితలానికి చేరే సౌరశక్తిలో ఈ మసక వల్ల చదరపు మీటరుకు 12 నుంచి 30 వాట్ల వరకు తగ్గుదల ఉండగా, వాతావరణం పైఅంచున లెక్కిస్తే ఆ తగ్గుదల 4 నుంచి 10 వాట్లే. అంటే కింద పోయిన దాంట్లో మూడో వంతే అంతరిక్షంలోకి తిరిగి వెళ్లింది. మిగతాది మధ్యలో ఉన్న గాలిలోనే, ముఖ్యంగా మసి మింగడం వల్ల, వేడిగా మిగిలిపోయింది. ఈ అంకెలను కార్బన్ డయాక్సైడ్ వల్ల ప్రపంచమంతటికీ సగటున లెక్కగట్టే ఒకటి రెండు వాట్లతో నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే ఇవి ఒక ప్రాంతానికి, ఒక రుతువుకు, మబ్బులేని ఆకాశానికి చెందినవి. అయినా, ఉపగ్రహం పైనుంచి మాత్రమే చూస్తే అసలు మార్పులో పెద్ద భాగం కంటికి ఆనదన్న విషయం మాత్రం ఇక్కడ స్థిరపడింది.

ఆ తర్వాత జరిగిన వివాదాన్ని దాటవేయడం సరికాదు. 2002 ఆగస్టులో, జొహాన్నెస్‌బర్గ్ శిఖరాగ్ర సభకు కొద్ది రోజుల ముందు, ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం ‘ఏసియన్ బ్రౌన్ క్లౌడ్’ పేరుతో ఈ ఫలితాల మీద ఒక నివేదిక విడుదల చేసింది. భారత ప్రభుత్వ వర్గాలు, మన శాస్త్రవేత్తల్లో పలువురు దీన్ని తీవ్రంగా తప్పుబట్టారు. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన జె. శ్రీనివాసన్, సులోచనా గాడ్గిల్ ‘కరెంట్ సైన్స్’లో రాసిన విమర్శ అందులో శాస్త్రపరంగా గట్టిది. మసక ఏడాది పొడుగునా ఉండేది కాదని, వర్షాల మీద దాని ప్రభావం గురించి నివేదిక చెప్పినవాటికి తగిన ఆధారం లేదని వారు ఎత్తిచూపారు. శతాబ్దాల పాటు బొగ్గు తగలబెట్టిన దేశాలు ఇప్పుడు నేరాన్ని పేదవాడి పొయ్యి మీదికి నెడుతున్నాయన్న అనుమానం కూడా అప్పట్లో బలంగా వినిపించింది, దానికి చారిత్రక కారణాలూ ఉన్నాయి. ఇలాంటి మసక ఐరోపా, అమెరికాల మీద కూడా ఒకప్పుడు దట్టంగా ఉండేది కాబట్టి దానికి ఒక ఖండం పేరు పెట్టడం తప్పే. తర్వాతి కార్యక్రమంలో ఆ పేరును ‘అట్మాస్ఫెరిక్ బ్రౌన్ క్లౌడ్స్’ అని మార్చారు. విమర్శకులు కోరిన సమాధానం మాటలతో వచ్చేది కాదు, కొత్త కొలతలతోనే రావాలి. ఆ పని జరిగింది కూడా.

2006 మార్చిలో మాల్దీవుల్లోని హనిమాధూ దీవి నుంచి రామనాథన్ బృందం మనుషులు లేని మూడు చిన్న విమానాలను ఒకేసారి గాలిలోకి పంపింది. ఒకటి మసక కింద, ఒకటి లోపల, ఒకటి పైన, నిలువుగా ఒకే వరుసలో ఎగిరేలా వాటి దారిని కంప్యూటర్ నడిపించింది. అప్పటిదాకా ఒక పొర ఎంత ఎండను మింగుతోందన్నది కంప్యూటర్ నమూనాల సాయంతో అంచనా వేయాల్సి వచ్చేది. ఇప్పుడు పైవిమానం కొలతకూ కిందివిమానం కొలతకూ ఉన్న తేడాయే జవాబు. కింది వాతావరణం ఎండ వల్ల వేడెక్కడాన్ని ఈ మసక దాదాపు 50 శాతం పెంచుతోందని 2007లో ‘నేచర్’లో వచ్చిన వ్యాసం చెప్పింది. ఆ పొర హిమాలయ హిమానీ నదాలు ఉన్న ఎత్తులకు చేరుతుంది కాబట్టి, అక్కడి మంచు కరగడంలో మసికీ వాటా ఉందన్న వాదనకు ఈ కొలత ఊతమిచ్చింది.

మసి ఎంత ఎత్తు దాకా చేరుతుందన్న ప్రశ్నకు హైదరాబాద్ నుంచి మరో దారిలో సమాధానం దొరికింది. 2010 మార్చిలో టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఇక్కడి బెలూన్ కేంద్రం నుంచి, తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం శాస్త్రవేత్తలు మసిని కొలిచే పరికరాన్ని ఎత్తైన ఆకాశంలోకి పంపారు. మసి నేలకు దగ్గర్లో ఎక్కువగా ఉండి, పైకి పోయేకొద్దీ క్రమంగా తగ్గిపోవాలన్నది సాధారణ అంచనా. పరికరం మాత్రం సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర ఒకసారి, ఎనిమిది కిలోమీటర్ల పైన మరోసారి మసి దట్టంగా ఉన్న పొరల్ని పట్టుకుంది. మసి ఎండను మింగి చుట్టూ గాలిని వేడెక్కిస్తే, ఆ గాలి తేలికై పైకి లేస్తుంది, దానితోపాటు మసీ లేస్తుంది. పైన అది తన చుట్టూ కదలిక తక్కువగా ఉండే నిలకడైన పొరను ఏర్పరచుకుని, వానకు అందకుండా ఎక్కువ రోజులు నిలిచే వీలుంటుందని ఆ బృందం వివరించింది. ఇస్రో నడిపే ఏరోసోల్ పరిశీలన కేంద్రాల వరుసలో విశాఖపట్నం, అనంతపురం, హైదరాబాద్ ఉన్నాయి. తెలుగు నేల మీద ఈ పరిశోధన విశ్వవిద్యాలయ స్థాయిలో ఏళ్ల తరబడి నిలకడగా సాగుతున్నా, మన పత్రికల్లో దానికి దక్కిన చోటు చాలా తక్కువ.

మసి ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు రసాయన శాస్త్రం ఇచ్చిన జవాబు ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికన్నా అందమైనది. బతికి ఉన్న చెట్టు గాలి నుంచి కార్బన్-14 అనే రేడియోధార్మిక కర్బనాన్ని తీసుకుంటుంది. అది 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది. కోట్ల ఏళ్ల కిందట నేలలో కలిసిన బొగ్గులో, చమురులో అది చుక్క కూడా మిగలదు. కట్టెల్లో, పిడకల్లో, గడ్డిలో మాత్రం ఇంకా నిండుగా ఉంటుంది. అందువల్ల వడపోత కాగితం మీద పట్టిన మసిలో కార్బన్-14 ఎంత ఉందో కొలిస్తే, అది పొయ్యి నుంచి వచ్చిందా, ఇంజన్ నుంచి వచ్చిందా అన్నది లెక్కగట్టవచ్చు. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓర్యాన్ గుస్తాఫ్‌సన్ బృందం హనిమాధూలోనూ, పుణే దగ్గరి సింహగఢ్ కొండ మీదా పట్టిన నమూనాలతో ఈ పని చేసింది. మసిలో సగం నుంచి మూడింట రెండు వంతులు కట్టెలు, పిడకలు, పంట వ్యర్థాల వంటివి కాల్చడం వల్లనే వస్తోందని 2009లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. అంతవరకు కాగితాల మీద ఇంధన వినియోగాన్ని కూడి చేసిన లెక్కలు ఒకదానితో ఒకటి పొసిగేవి కావు. కణంలోనే దాగి ఉన్న సాక్ష్యం ఆ తగువును చాలావరకు తీర్చింది.

రామనాథన్ 2009లోనే ఉత్తరప్రదేశ్‌లోని పల్లెల్లో ‘సూర్య’ పేరిట మొదలుపెట్టిన పథకం ఈ దిశలోనిదే. మెరుగైన పొయ్యిలు ఇచ్చి, ఇంటి లోపలా బయటా మసి ఎంత తగ్గుతుందో కొలవడం దాని ఉద్దేశం. మసి పట్టిన వడపోత కాగితాన్ని మామూలు మొబైల్ ఫోన్‌తో ఫొటో తీసి, నలుపు ఎంత గాఢంగా ఉందో దాన్ని బట్టి మోతాదు కట్టే పద్ధతిని ఆ బృందం రూపొందించింది. ఖరీదైన యంత్రాలు పల్లెకు చేరకపోయినా కొలత ఆగకూడదన్న పట్టుదల అందులో కనిపిస్తుంది. అయితే కొత్త పొయ్యి ఇంటికి వచ్చినంత మాత్రాన పాతది మూలకు చేరదని దేశమంతటా అనుభవం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇండోయెక్స్ జరిగిన 1999లోనే దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. కనెక్షన్ వచ్చాక కూడా సిలిండర్ మళ్లీ నింపించుకునే డబ్బు లేక కట్టెల పొయ్యికి తిరిగిన ఇళ్లు ఎన్నో. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రెండో దీపం పథకం ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం ఆ లోటును కొంతైనా గుర్తించడమే.

ఇక రుతుపవనాల సంగతి. సముద్రానికీ నేలకూ చేరే ఎండ తగ్గితే ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. మసక ఉత్తర హిందూ మహాసముద్రం మీదనే దట్టంగా ఉండటంతో అక్కడి నీరు దక్షిణ భాగంలోని నీటిలా వేడెక్కదు. రుతుపవన గాలులను లాగే ఉష్ణోగ్రతల తేడా ఆ మేరకు బలహీనపడుతుంది. 2005లో రామనాథన్ బృందం చేసిన ఈ వాదనను 2011లో బొలాసినా బృందం అమెరికా కంప్యూటర్ నమూనాలతో బలపరిచింది. 1951 నుంచి 2015 మధ్య దేశంలో వేసవి రుతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గిందని, దానికి ఏరోసోల్స్ ఒక ముఖ్య కారణం కావచ్చని 2020లో భారత భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ నివేదికే చెప్పింది. అంతకు పద్దెనిమిదేళ్ల ముందు ఢిల్లీ కొట్టిపారేసిన ఆలోచన ప్రభుత్వ నివేదికలో చోటు సంపాదించుకోవడం చిన్న విషయం కాదు. అలాగని చర్చ ముగిసిందనీ అనలేం. వేసవి చివర టిబెట్ వాలుల మీద పేరుకున్న మసి, దుమ్ము గాలిని వేడెక్కించి రుతుపవనాన్ని ముందుగానే లాగుతాయని 2006లో విలియం లావ్ ప్రతిపాదించారు, దానికి వ్యతిరేకంగానూ వ్యాసాలు వచ్చాయి.

మసి వల్ల ప్రపంచం మొత్తం ఎంత వేడెక్కుతోందన్న లెక్క మాత్రం రామనాథన్ అంచనాకు దూరంగా జరిగింది. 2008లో ఆయన, గ్రెగరీ కార్మైకేల్ కలిసి దాన్ని చదరపు మీటరుకు 0.9 వాట్లుగా చెప్పారు. 2013లో ఒక అంతర్జాతీయ బృందం 1.1 అంటూనే, అసలు విలువ 0.17 నుంచి 2.1 మధ్య ఎక్కడైనా ఉండవచ్చంది. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్య సమితి ఏర్పరచిన శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లో ఇచ్చిన నివేదికలో ఈ విలువ 0.11కు పడిపోయింది, అదీ సున్నాకు దిగువకు పోయే అవకాశంతో సహా. మసి వేడెక్కించిన పొర మేఘాల పుట్టుకనే మార్చేసి తాను కలిగించిన వేడిని కొంత రద్దు చేసుకుంటుందన్న అవగాహన పెరగడం దీనికి ఒక ప్రధాన కారణం. కాబట్టి మసిని తగ్గిస్తే భూతాపం మొత్తంగా చల్లారుతుందన్న ఆశకు ఇప్పుడు ఒకప్పటి బలం లేదు. మాల్దీవుల మీద, హైదరాబాద్ మీద కొలిచిన ప్రాంతీయ ప్రభావాలు ఈ సవరణ వల్ల చెరిగిపోవు. ప్రపంచ సగటు ఒక సంగతి, ఒక పల్లె మీద పడే ఎండ మరో సంగతి.

అసలు చిక్కు సల్ఫేట్ దగ్గర ఉంది. 2020 లాక్‌డౌన్‌లో దక్షిణాసియాలో బొగ్గు, వాహనాల వాడకం ఒక్కసారిగా తగ్గినప్పుడు హనిమాధూలో కొలతలు ఆగలేదు. సల్ఫేట్ బాగా పడిపోయింది, మసి అంతగా తగ్గలేదు, సముద్రానికి చేరే ఎండ సుమారు 7 శాతం పెరిగింది. చల్లబరిచే కణం ముందు పోయి, వేడెక్కించేది మిగిలితే ఏమవుతుందో ఆ కొన్ని వారాల్లో కనబడింది. మన థర్మల్ కేంద్రాల నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015లో పరిమితులు పెట్టి, గడువులు మళ్లీ మళ్లీ పొడిగించి, 2025 జులైలో మెజారిటీ కేంద్రాలకు గంధకాన్ని తొలగించే పరికరాల నుంచి మినహాయింపు ఇచ్చారు. సల్ఫేట్ భూమిని చల్లగా ఉంచుతుందన్న వాదనను ఇలాంటి మినహాయింపుకు సాకుగా తేవడం తగదు, ఎందుకంటే ఆ కణమే జనం ఊపిరితిత్తుల్లోకీ పోతోంది. రామనాథన్ కొలతల నుంచి తీయగల ఆచరణాత్మక అర్థం ఇంతే: బొగ్గు కేంద్రంలో గంధకాన్ని ఆపే పని, పొయ్యిల నుంచీ డీజిల్ నుంచీ ఇటుక బట్టీల నుంచీ మసిని ఆపే పని ఒకదాని కోసం ఒకటి ఆగకుండా, ఒకే కాలంలో సాగాలి. సల్ఫేట్ తెర తొలగినప్పుడు బయటపడే వేడిని ఎదుర్కోవాలంటే కార్బన్ డయాక్సైడ్, మీథేన్ తగ్గింపు కూడా దానితోపాటే నడవాలి.